ఫైలుకు రెండు ప్రతులున్నప్పుడు

ఒక గ్రంథానికి రెండు ప్రతులున్నచోట పాఠభేదం తప్పదని మన గ్రంథ పరిష్కర్తలు ఎరుగుదురు. లేఖకుడు ఒక అక్షరం మార్చినా, ఒక పాదం విడిచినా, ఏది మూలమో తేల్చుటకు పండితుడు తాళపత్రాలను పక్కపక్కన పెట్టుకొని కూర్చుండవలసినదే. నేటి కార్యాలయంలో గుమాస్తాకు ఎదురగు చిక్కు కూడ స్వభావంలో ఇదియే. బల్ల మీది కంప్యూటరులో ఒక ప్రతి, దూరాన సర్వరులో ఒక ప్రతి, ఇంటి ల్యాప్‌టాప్‌లో మరొకటి. ఈ మూడింటిని ఏకరూపంగా నిలుపు పనిని వాడుకలో ‘సింక్’ అందురు. ఈ పద్ధతి ఎట్లు రూపొందినది, ఎందుకు చెడుచున్నది, చెడినప్పుడు ఏమి చేయవలెను అను విషయాలను ఇచ్చట మనవి చేయుచున్నాము.

రెండు ప్రతులలో ఏది సరియైనది? గడియారం చూచి, తరువాత వ్రాసినదే సరియని చెప్పుట సులభం. కాని రెండు యంత్రాల గడియారాలు ఎన్నడును పూర్తిగా ఏకీభవింపవు. 1978లో లెస్లీ లాంపోర్ట్ ప్రకటించిన వ్యాసం ఈ సంగతిని తేటపరచినది. ఘంట ఎంతయైనదని కాక, ఏ మార్పు దేని తరువాత జరిగినదని అడుగవలెనని ఆయన చూపినారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు మరొక మెట్టు ఎక్కినారు. ఏ యంత్రంలో ఎన్ని మార్పులు జరిగినవో ప్రతి ప్రతికిని ఒక లెక్క కట్టినారు. ఒక ప్రతి లెక్క అన్నిటను ముందున్నచో అది కొత్తది. ఒకదానిలో ఇది, వేరొకదానిలో అది ముందున్నచో, రెండును వేర్వేరుగా మారినవని అర్థం. అదే సంఘర్షణ.

ఈ ఆలోచనకు ఆచరణరూపం ఇచ్చిన వారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మహాదేవ్ సత్యనారాయణన్ ముఖ్యులు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1987లో ఆయన నాయకత్వాన ‘కోడా’ అను పరిశోధన ఆరంభమైనది. తీగ తెగినను పని ఆగరాదన్నది దాని ఆశయం. సంబంధం ఉన్నంతకాలం కావలసిన ఫైళ్ళను యంత్రం ముందుగా కూడబెట్టుకొనును. సంబంధం తెగినప్పుడు ఆ నిలువతో పని సాగించి, మార్పులను చిట్టాలో వ్రాసికొనును. తిరిగి కలిసినప్పుడు ఆ చిట్టాను సర్వరుకు ఒప్పగించును. ఒకరి ఫైలును మరొకరు దిద్దుట మిక్కిలి అరుదని వారి పరిశీలనలో తేలినది. నూటికి 99కి పైగా మార్పులు అంతకుముందు వ్రాసినవారే చేసినవి. మిగిలిన ఆ కొద్దిపాటి చోట రెండు మార్పులు ఢీకొన్నచో, యంత్రం ఒకదానిని గుట్టుగా చెరపివేయక, మనుష్యుని తీర్పునకు విడువవలెను. ఈ ఒక్క సూత్రమే నేటికిని ఈ విద్యకు ప్రాణం.

పరిశోధనాలయం నుండి ఇది కార్యాలయానికి క్రమంగా వచ్చినది. 1995లో విండోస్ 95 ‘బ్రీఫ్‌కేస్’ అను సంచిని చూపినది. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్‌లు ‘ఆర్‌సింక్’ అను సాధనంతో, ఫైలంతయు కాక మారిన భాగాలను మాత్రమే పంపు ఉపాయం చూపినారు. 2008లో డ్రాప్‌బాక్స్ ప్రజలకు అందినది. మైక్రోసాఫ్ట్ వారు 2007లో ఆరంభించిన స్కైడ్రైవ్ 2014లో వన్‌డ్రైవ్ అయినది. 2017లో ఫైలు పేరు మాత్రమే యంత్రంలో కనబడి, లోని విషయం సర్వరులో ఉండు ఏర్పాటు కూడ దానిలో చేరినది.

అయితే కార్యాలయపు యంత్రానికి ఇద్దరు యజమానులు. వాడువారు ఒకరు, శాసించువారు మరొకరు. విండోస్ 2000 కాలం నుండి నిర్వాహకులు ఒక్కచోట కూర్చుండి వందల యంత్రాలకు నిబంధనలు విధింపగలుగుచున్నారు. ఏ ఖాతాతో ప్రవేశింపవచ్చును, ఏ రకపు ఫైలు పోరాదు అనునవి వారు నిర్ణయించునవి. కావున సింక్ ఆగినప్పుడు యంత్రం చెడినదని తలచుటకు ముందు, ఆజ్ఞ మారినదేమో విచారింపవలెను. అదే చిక్కు పక్క బల్ల మీద కూడ ఉన్నచో అది నిబంధనకో సర్వరుకో సంబంధించినది కావచ్చును. తన ఒక్కనికే ఉన్నచో తన యంత్రంలోనే వెదుకవలెను.

వెదుకుటకు ఒక క్రమం కలదు. మొదట, పాస్‌వర్డు మార్చిన పిమ్మట తిరిగి ప్రవేశించినామా? రెండవది, డిస్కులో చోటు ఉన్నదా? మూడవది, ఫైలు మరొకచోట తెరచి ఉన్నదా? నాలుగవది, పేరు చెల్లునా? ప్రశ్నార్థకం, నక్షత్రపు గుర్తు, జంట చుక్కలు లినక్స్‌లో చెల్లును; విండోస్‌లో చెల్లవు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుచు పోయినచో దారి పేరు పొడవగును. విండోస్‌లో చిరకాలంగా ఉన్న హద్దు 260 అక్షరాలు. ఇట్టి ఫైలు ఒక్కటి మార్గం మధ్య నిలిచి, అంతయు చెడినదను భ్రమ కలిగించును.

ఇవియేవియు కానప్పుడు సింక్ సాధనాన్ని తీసివేసి తిరిగి అమర్చుట వాడుక. ఇక్కడనే పెద్ద ప్రమాదం ఉన్నది. సర్వరుకు ఇంకను చేరని ఫైలుకు లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రతియే. జీతాల పట్టికయో, నెలనాళ్ళ లెక్కయో అందులో ఉండవచ్చును. కావున చేరని ఫైళ్ళను ముందుగా సింక్ ఫోల్డరు వెలుపలికి నకలు చేసిన పిమ్మటనే మరమ్మతునకు చేయి వేయవలెను. కంప్యూటరు పేరు తోకగా తగిలించుకొని రెండవ ప్రతి కనబడినచో, చెత్త యని చెరపివేయరాదు. అది యంత్రం మన తీర్పునకు ఉంచిన పాఠాంతరం. రెండింటిని తెరచి పోల్చి చూచుటయే మార్గం.

మరొక మాట. ఏకరూపత వేరు, భద్రత వేరు. ఒకచోట చెరపినది అన్నిచోట్లను చెరిగిపోవును. సింక్ ఆ పనిని సైతం నమ్మకంగా చేయును. కావున విలువగల ఫైళ్ళకు వేరొక భద్రప్రతి ఉండుట మేలు. ప్రతులను మోయుట, పోల్చుట, తేడా కనిపెట్టుట యంత్రం నేర్చినది. రెండు ప్రతులలో ఏది నిజమో చెప్పవలసినవాడు మాత్రం ఆ లెక్క వ్రాసిన మనుష్యుడే.