పుర్రె మీది వ్రాత, క్రోమోజోములోని వ్రాత

నుదుటి వ్రాత తప్పదని మన పెద్దలనేవారు. పందొమ్మిదవ శతాబ్దిలో కొందరు ఐరోపా పండితులు ఆ వ్రాతను పుర్రె మీద చదువబూనారు. ఇటలీ వైద్యుడు చెజారె లొంబ్రోజో 1876లో ప్రకటించిన గ్రంథంలో, కొందరు పుట్టు నేరస్థులనీ, దవడ, చెవి, నొసలు చూచి వారిని పోల్చవచ్చుననీ వాదించాడు. ఆ వాదం కూలింది గాని, దాని వెనుకనున్న ఆశ చావలేదు. పుర్రెను విడిచి జీవకణంలో దూరింది.

పురుషునికి సాధారణంగా ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోము ఉంటాయి. వేయిమంది మగశిశువులలో సుమారు ఒకరికి రెండు వైలుంటాయి. 1965లో పట్రీషియా జేకబ్స్ బృందం, స్కాట్లండులోని కార్‌స్టెయిర్స్ ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్న మానసిక రోగులలో ఇట్టివారు ఎక్కువగా ఉన్నారని ప్రకటించింది. అంతటితో "నేరపు క్రోమోజోము" పత్రికలకెక్కింది. 1966లో షికాగోలో ఎనమండుగురు నర్సింగ్ యువతులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు అదే ఉన్నదని ప్రచారం సాగింది. పరీక్షింపగా అతనివి మామూలు క్రోమోజోములే!

నిర్బంధంలో ఉన్నవారిని లెక్కించారే గాని, వెలుపల నెమ్మదిగా కాపురాలు చేసుకొనేవారిని ఎవరు లెక్కించారు? ఆ పని డెన్మార్కులో జరిగింది. కోపెన్‌హాగెన్‌లో నాలుగు వేలకు పైబడిన పొడగరులను పరీక్షింపగా 12 మందికి రెండు వైలు కనబడ్డాయి. వారిలో 5గురు శిక్షపడినవారే అయినా, అవి చాలవరకు చిల్లర నేరాలు. వారు హింసకు పుట్టినవారనుటకు ఆధారం దొరకలేదని 1976లో ప్రకటించారు.

ఇంతలో బోస్టన్‌లో అప్పుడే పుట్టిన మగశిశువులను ఇందుకై పరీక్షిస్తూ వచ్చారు. ఇక్కడ ధర్మసంకటం. తల్లిదండ్రులకు చెబితే, బిడ్డ చేసే ప్రతి అల్లరిలోనూ వారికి కాబోయే నేరస్థుడే కనిపించవచ్చు. చెప్పకపోతే అది వంచన. తీవ్ర విమర్శల నడుమ 1975లో ఆ పరీక్షలు ఆగిపోయాయి.

కథ ముగియలేదు. 2009లో ఇటలీలోని త్రియెస్తె అప్పీలు న్యాయస్థానం ఒక హంతకుని జన్యువులను కూడా పరిగణించి శిక్షను ఒక ఏడాది తగ్గించింది. అది దయగానే తోస్తుంది. కాని "ఇతని స్వభావం రక్తంలోనే ఉన్నది" అన్న వాక్యంతోనే రేపు మరొక న్యాయమూర్తి "కావున ఇతనిని ఎన్నటికీ విడువరాదు" అనవచ్చును గదా!

జీవచిహ్నం చెప్పేది సమూహాన్ని గురించి. న్యాయపీఠం ముందు నిలిచేది ఒక్క మనిషి. మానసిక వైద్యుడు ఈ భేదాన్ని విస్మరిస్తే, అతని చేతిలోని పరీక్షానాళిక లొంబ్రోజో కొలబద్దగా మారుతుంది. నేరాన్ని విచారించవలె గాని పుట్టుకను కాదు. మిత్రులేమంటారు?