పళ్ళెం తిప్పేదెవరు?

ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకి 1.8 సెకన్లు. ఇంత నింపాదిగా తిరిగే దాన్ని ఎలా తిప్పాలన్న విషయం మీద యాభై ఏళ్లకు పైగా తగువు నడుస్తోంది. బెల్టుతో తిప్పాలని ఒక వర్గం, మోటారు ఇరుసు మీదే పళ్ళేన్ని కూర్చోబెట్టాలని ఇంకో వర్గం. కొత్తగా రికార్డుల మోజు పట్టినవాళ్లు దుకాణంలో మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే. ఈ రెండు పద్ధతుల వెనకా ఇద్దరు మనుషులున్నారు. ఒకరు మోటారును చూసి భయపడ్డారు. రెండోవారు బెల్టును నమ్మలేకపోయారు.

వాళ్లకు ముందు రాజ్యమేలింది రబ్బరు చక్రం. ఇంగ్లండులోని స్విండన్‌లో గెరార్డ్ కంపెనీ 1954లో తెచ్చిన 301 మోడలు దానికి మేటి ఉదాహరణ. అందులో మోటారు నిమిషానికి దాదాపు 1500 చుట్లు తిరుగుతుంది. ఆ ఇరుసుకీ పళ్ళెం లోపలి అంచుకీ నడుమ ఐడ్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఒరుసుకుంటూ తిరిగి, వేగాన్ని తగ్గించి పళ్ళేనికి అందిస్తుంది. మన ఇళ్లలోకి వచ్చిన చిన్న హెచ్‌ఎంవీ ప్లేయర్లలో ఉన్నదీ ఇలాంటి చక్రమే. బలమైన ఏర్పాటు, స్విచ్చి వేయగానే పళ్ళెం పరుగందుకుంటుంది. చిక్కల్లా ఆ 1500 చుట్లతోనే. సెకనుకు 25 సార్లు పుట్టే వణుకు చక్రం మీదుగా పళ్ళేనికి, పళ్ళెం మీదుగా సూదికి చేరుతుంది. పాట వెనక సన్నటి గుర్రుగా వినిపిస్తుంది.

మోనో రికార్డుల కాలంలో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మోనో గాడి సూదిని పక్కలకే కదిలిస్తుంది, కాబట్టి పైకీ కిందికీ ఊగే వణుకును చాలా క్యాట్రిడ్జిలు (సూది కదలికను విద్యుత్తుగా మార్చే భాగాలు) పాటలో కలపవు. 1958లో స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. స్టీరియో సూది పైకీ కిందికీ కూడా చదవాలి. దాంతో అప్పటిదాకా దాగి ఉన్న గుర్రు ఒక్కసారిగా బయటపడింది. బెల్టు కథ మొదలయ్యేది ఇక్కడే.

ఎడ్గార్ విల్చర్ చదువుకున్నది కళాచరిత్ర. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఎలక్ట్రానిక్స్ పట్టుబడింది. 1954లో తన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ వినిపించే స్పీకర్లతో పేరు తెచ్చుకున్నాడు. 1961లో ఆయన చేసిన టర్న్‌టేబుల్ ధర 58 డాలర్లు. అప్పటి మేలు రకం యంత్రాల పక్కన ఆ ధర చవకే.

ఆయన చేసింది వినడానికి చాలా మామూలు పని. పళ్ళేన్నీ సూది చేతినీ ఒకే లోహపు చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగుల మీద వేలాడదీశాడు. మోటారును మాత్రం విడిగా పై పలకకు తగిలించాడు. రెండింటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క బంధం రబ్బరు బెల్టు. పాత కుట్టుమిషనులో కింది చక్రం నుంచి పైకి పోయే తోలు పట్టీ లాంటిదే, కాకపోతే మెత్తగా సాగేది. మోటారు వణుకులో చాలా భాగాన్ని ఆ సాగే గుణమే మింగేస్తుంది. మిగిలిన చిన్న ఒడిదుడుకులను బరువైన పళ్ళెం తన ఊపుతోనే సర్దుకుంటుంది. పళ్ళెం, చేయి ఒకే చట్రం మీద కలిసి ఊగుతాయి కాబట్టి బయటి కుదుపు వాటి మధ్య తేడా తేలేదు. పాట నడుస్తుండగా పీట మీద సుత్తితో కొట్టినా సూది చెదరకపోవడం ఆ యంత్రానికి గొప్ప ప్రచారమైంది. స్విట్జర్లాండ్‌కు చెందిన థోరెన్స్ టీడీ 150, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చిన లిన్ సోండెక్ ఎల్పీ12 నడిచింది ఈ దారినే. విల్చర్ మాత్రం 1967లో కంపెనీ అమ్మేసి, తర్వాత వినికిడి యంత్రాల పరిశోధనలో పడ్డాడు. ఆడియో లోకం ఆయనను కాస్త తక్కువగానే తలుచుకుంటుందని నా ఫిర్యాదు.

ఇక జపాన్. ఒసాకా దగ్గరి మత్సుషితా కంపెనీ ఇంజినీరు షుయిచి ఒబాతా వాదన వేరు. బెల్టు సాగుతుంది, జారుతుంది, వయసు మీద పడితే పగుళ్లిస్తుంది. పళ్ళెం పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. అసలు వేగంగా తిరిగే మోటారు పెట్టి, తర్వాత దాని వేగం తగ్గించడం ఎందుకు? మోటారే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగితే దాని ప్రాథమిక వణుకు సెకనుకు అర సారికి కాస్త ఎక్కువ. మన చెవి అందుకునే హద్దుకు అది ఎంతో కింద. ఈ ఆలోచనతో ఆ కంపెనీ టెక్నిక్స్ పేరుతో చేసిన ఎస్పీ-10 ప్రపంచంలో మొదటి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌గా 1970లో అమ్మకానికి వచ్చింది. మీట నొక్కగానే సరైన వేగంతో పాట మొదలవడం రేడియో స్టేషన్లకు ప్రాణం కాబట్టి దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నదీ వాళ్లే. 1972లో ఇళ్ల కోసం ఎస్‌ఎల్-1200 వచ్చింది.

ఇళ్ల కోసం అన్న మాట గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ యంత్రం జాతకం న్యూయార్క్ బ్రాంక్స్‌లో మారిపోయింది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రాత్రినే. పాటలో డప్పుల ముక్క రాగానే కుర్రాళ్లు రెచ్చిపోతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ ముక్కనే సాగదీయడం ఆయన నేర్చుకున్నాడు. మరో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దాన్ని గడియారం పనిలా మార్చాడు. పళ్ళెం కింద తిరుగుతూనే ఉండాలి, పైన రికార్డు చేత్తో ఆగాలి. అందుకు ఫెల్టు గుడ్డను గుండ్రంగా కత్తిరించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి రికార్డు కింద వేశాడు. ఈ మోటుపనికి బెల్టు తట్టుకోదు. చేయి ఆపితే జారుతుంది, వదిలితే తడబడుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో జారడానికి బెల్టే లేదు.

కంపెనీ కూడా ఈ కొత్త గిరాకీని గుర్తించింది. 1979లో వచ్చిన ఎస్‌ఎల్-1200 ఎంకే2లో వేగాన్ని 8 శాతం పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట, వేగాన్ని స్థిరంగా ఉంచే క్వార్ట్జ్ నియంత్రణ, కదలని బరువైన పీట ఉన్నాయి. ఆగి ఉన్న పళ్ళెం 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. ఒకసారి క్లబ్బుల్లోకి చేరాక ఈ యంత్రం ముప్ఫై ఏళ్లు అక్కడి నుంచి కదల్లేదు.

విచిత్రంగా, అదే సమయంలో ఇళ్లలో గాలి ఎదురు తిరిగింది. 70వ దశకం చివర్లో జపాన్ నుంచి చవకరకం డైరెక్ట్ డ్రైవ్‌లు కుప్పలుగా వచ్చాయి. మోటారు బాగానే ఉండేది కానీ పీట పలచటి ప్లాస్టిక్, సూది చేయి నాసిరకం. మరోవైపు లిన్ అధిపతి ఐవర్ టీఫెన్‌బ్రన్ స్పీకర్ల కంటే టర్న్‌టేబులే ముఖ్యమని ఊరూరా వాదించాడు. బ్రిటిష్ పత్రికలు ఆయన వెంట నడిచాయి. క్వార్ట్జ్ నియంత్రణ క్షణక్షణం వేగాన్ని సవరిస్తూ సంగీతాన్ని చెడగొడుతుందన్న మాట స్థిరపడిపోయింది. అందులో నిజం బొత్తిగా లేదనను. ఇనుప గాళ్లున్న మోటారు తిరిగేటప్పుడు చిన్నచిన్న కుదుపులుంటాయి. అయితే ఆ విమర్శకులు మెచ్చుకున్న రికార్డుల్లో కొన్నింటి మాస్టర్లు చెక్కిన జర్మన్ లేత్ నాయ్‌మన్ వీఎంఎస్ 80లో పళ్ళేన్ని తిప్పిందీ టెక్నిక్స్ డైరెక్ట్ డ్రైవ్ మోటారే. గాడి చెక్కడానికి పనికొచ్చింది, వినడానికి పనికిరాదట!

అంకెల దగ్గరికొద్దాం. వేగంలో ఒడిదుడుకును ఇంజినీర్లు వావ్ అండ్ ఫ్లట్టర్ అంటారు. ఎంకే2కి కంపెనీ ప్రకటించిన కొలత 0.025 శాతం. మంచి బెల్టు యంత్రాలకు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు రికార్డు సంగతి చూడండి. నడిమి చిల్లి పావు మిల్లీమీటరు పక్కకు జరిగి ఉందనుకుందాం. చివరి పాట దగ్గర గాడి వ్యాసార్థం సుమారు 60 మిల్లీమీటర్లు. అక్కడ ఒక్కో చుట్టుకీ వేగం 0.4 శాతం అటూ ఇటూ ఊగుతుంది. డ్రైవ్ పద్ధతి తెచ్చే తేడా దీని ముందు ఏపాటిది? మీ యంత్రాన్ని పరీక్షించాలంటే హోరెత్తే సినిమా పాట పెట్టకండి. పియానోలో సాగే స్వరం, వీణ కచేరీ మొదట్లో వినిపించే ఒంటరి తంబుర వినండి. శ్రుతి ఊగితే అక్కడ దాగదు.

అందుకే నా మాటగా చెప్పాలంటే, ఇంట్లో వినేవాడు డ్రైవ్ పేరు చూసి కొనకూడదు. ఒకే ధరలో బెల్టు యంత్రం తీసుకుంటే ఖర్చు మోటారు మీద తగ్గి, సూది చేయి మీదా క్యాట్రిడ్జి మీదా పడే అవకాశముంది. బ్రిటన్‌లోని రేగా, చెక్ రిపబ్లిక్‌లో తయారయ్యే ఆస్ట్రియా కంపెనీ ప్రో-జెక్ట్ నిలబడింది ఈ లెక్క మీదే. వంద డాలర్ల డైరెక్ట్ డ్రైవ్ కంటే వంద డాలర్ల బెల్టు యంత్రం సాధారణంగా మేలు. ధర పెరిగేకొద్దీ ఆ ఆధిక్యం కరిగిపోతుంది. 2010లో ఆపేసిన 1200ను టెక్నిక్స్ 2016లో మళ్లీ తెచ్చినప్పుడు ఇనుప గాళ్లు లేని కొత్త మోటారు పెట్టింది, కుదుపుల మీద పాత ఫిర్యాదుకు అది జవాబు. 2019లో వచ్చిన ఎస్‌ఎల్-1500సీ అయితే డీజేల మీటలు తీసేసి, అచ్చంగా ఇంటి కోసం చేసింది.

మన దగ్గర ఇంకో సంగతుంది. అమెరికా నుంచి తిరిగొచ్చే తెలుగు కుటుంబాలు అక్కడి పాత టర్న్‌టేబుల్‌ను ముచ్చటపడి తెచ్చుకోవడం మామూలే. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలనుకుంటారు. పాత బెల్టు యంత్రాల్లో చాలావాటి సింక్రనస్ మోటారు వేగం వోల్టుల మీద కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మార్చగలదు కానీ హెర్ట్జ్ మార్చలేదు. 33⅓ తిరగాల్సిన పళ్ళెం 27.8 దగ్గర ఆగిపోతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగి, గాయని సుశీల గొంతు ఎవరో మగాయన గొంతులా వినిపిస్తుంది. మోటారు ఇరుసు మీది పుల్లీని 50 హెర్ట్జ్‌కి తగ్గ పెద్ద సైజుతో మార్చాలి. పాత మోడళ్లకు కొన్నింటికి విడిగా దొరుకుతుంది, లేకపోతే లేత్ పని తెలిసినవాడి దగ్గర ఇత్తడితో తీయించుకోవచ్చు. క్వార్ట్జ్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కి ఈ బాధ లేదు, వోల్టులు సరిచూసుకుంటే చాలు. బెల్టు యంత్రం తెస్తున్నవాళ్లు రెండు కొత్త బెల్టులు కూడా పెట్టెలో వేసుకోవాలి. మన ఎండలకు రబ్బరు త్వరగా సాగుతుంది, పాత మోడళ్లకు సరైన కొలత బెల్టు ఇక్కడ వెతకడం కష్టం.