‘పోయొస్తా’కు ఇంగ్లీషేమిటి?

మధ్యాహ్నం మూడయిందంటే మా వరండాలో అమెరికా కౌంటర్ తెరుచుకుంటుంది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి నాలుగడుగుల దూరంలో ఇల్లు. కిటికీ లోపల నేను వీసా ఆఫీసర్‌ను. బయట ఫైలు పట్టుకొని నిలబడేది పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లులు. అశోక్‌నగర్ వైపు వెళ్తే గ్రూప్స్ కోచింగులు, సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూడా పుస్తకాలు పట్టుకున్న పిల్లలు. మా వరండా ఒక్కటే అరవై దాటినవాళ్ల కోచింగు.

ఈ పేటల్లో ఇంగ్లీషు ఊళ్లు తిరగడానికి రాలేదు, కొలువు కోసం వచ్చింది. మా అమ్మ నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి ఆడపిల్లల బడిలో చదివింది. 1928లో పెట్టిన తెలుగు బడి అది. నిజాం రాజ్యమంతా ఉర్దూ చదువులు నడుస్తున్న రోజుల్లో అది చిన్న సాహసం కాదు. ఉస్మానియా 1918లో ఉర్దూలోనే మొదలైంది. 1948 పోలీసు చర్య తర్వాత ఆఫీసుల భాష ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో దరఖాస్తు అందంగా రాసే మా నాన్న, నలభై దగ్గరపడ్డాక, శంకరనారాయణ నిఘంటువు ముందేసుకొని ఆఫీసు ఉత్తరాలు కూడబలుక్కున్నాడు.

నా వంతుకు టైపు వచ్చింది. ఏ ఎస్ డి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె. నిమిషానికి 30 మాటలైతే లోయరు, 45 అయితే హయ్యరు. ‘విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్’ అని కళ్లు మూసుకొని కొట్టేదాన్ని. ఎవరైనా ‘హౌ ఆర్ యూ’ అంటే మాత్రం నోరు పెగిలేది కాదు. వేళ్లకు వచ్చిన భాష నాలుకకు రాలేదు. దోమలగూడ రామకృష్ణ మఠంలో 1979లో వివేకానంద భాషా సంస్థ మొదలయ్యాక అక్కడ చేరి, వాక్యం పైకి అనడం నేర్చుకున్నాను. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు.

యాత్రకూ ఇంగ్లీషుకూ మనవాళ్లలో పాత చుట్టరికం లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో బయల్దేరి మన హైదరాబాదు మీదుగానే కాశీకి వెళ్లాడు. ఇంగ్లీషు ఆయన జీతం భాష, యాత్ర రాసుకున్నది మాత్రం తెలుగులో. మా తల్లులది తిరగేసిన కథ. జీతం ఏనాడూ ఎరగరు, ఇంగ్లీషుతో పనిపడింది ఈ ప్రయాణం దగ్గరే.

మొదట్లో వీసా కోసం చెన్నై వెళ్లాల్సి వచ్చేది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా బెర్తు మీద జవాబులు వల్లె వేసేవాళ్లు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. రైలు తప్పింది గానీ ప్రశ్నలు మారలేదు.

నా దగ్గర తెల్ల కాగితం మీద ఉన్నవి పదహారు ప్రశ్నలు. అన్నిటికంటే కష్టమైనది వ్యాకరణం కాదు, ‘వాట్ ఈజ్ యువర్ హజ్బెండ్స్ నేమ్?’ యాభై ఏళ్లుగా ‘మా ఇంటాయన’ అని గడిపిన మనిషి ఆ కిటికీ ముందు తలవంచుకుంటుంది. ఒకావిడ చేత పేరు చెప్పించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మరొకరు ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్’ అంటారు. ‘హ్యావ్’ చాలు పిన్నిగారూ అంటే, ‘ఇప్పుడూ ఉన్నారు కదమ్మా’ అని వాదన. చాలామంది వెళ్లేది పురుడు పోయడానికి, ఆ పురుడుకు ఇంగ్లీషులో సరిపోయే మాట లేదు. ‘డెలివరీ’ అంటే ఒక పూట పని, పురుడు మూడు నెలల చాకిరీ.

ఇక అసలు చిక్కు. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒకటుంది, మా సందులో అందరికీ నోటికొచ్చిన అంకె. నువ్వు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నావని వాళ్లు ముందే అనుకుంటారు. కాదని నమ్మించాల్సింది నువ్వే. పై అంతస్తు వదినగారిని ‘వాట్ ఈజ్ యువర్ ప్లాన్?’ అని అడిగితే ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని రాసింది. తప్పని ఎర్రసిరాతో కొట్టేశాను. తర్వాత కాగితం చూస్తూ కూర్చున్నా. మనం గడప దాటేటప్పుడు ‘పోతా’ అని అనం, అది అశుభం. ‘పోయొస్తా’ అంటాం. ఆ చట్టం అడిగేదీ అదే. కొట్టివేత తీసేయలేదు గానీ, పక్కన ‘ఐ విల్ కమ్ బ్యాక్ ఇన్ ఫైవ్ మంత్స్’ అని రాసిచ్చాను. ఆవిడ కిటికీ దగ్గర రెండూ చెప్పిందట. వీసా వచ్చింది.

ఇప్పుడు రెండో పాఠం, అక్కడ దిగాక కస్టమ్స్ ఆఫీసరు అడిగే ‘ఎనీ ఫుడ్?’ నో అనొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పమంటాను. పచ్చి కరివేపాకు పెట్టెలో పెట్టొద్దని మరీమరీ చెబుతాను. నిమ్మ, నారింజ తోటలను పాడుచేసే పురుగు దాని మీద కూడా బతుకుతుందని అక్కడ నిషేధం. గోంగూర పచ్చడికి ‘సోరెల్ పికిల్’ అని రాసిస్తే వదినగారు చదివి పక్కన పెట్టింది.

‘గోంగూర గోంగూరే టీచరమ్మా. ఆ ఆఫీసరునే నేర్చుకోమను.’

శుక్రవారం రాత్రి ఆవిడ ఫ్లైటు.