పడవ కింద బండి

ట్రైలర్ అంటే నాకు సినిమా ట్రైలరే. అందుకే మిషిగన్‌లో ఉండే మా తమ్ముడు వీడియో కాల్‌లో "అక్కా, ట్రైలర్ బిగిస్తున్నా" అంటే ముందు నాకేమీ అర్థం కాలేదు. వాడు ఫోను గ్యారేజీ నేల వైపు తిప్పాడు. ఇనప కమ్మీలు, రెండు చిన్న చక్రాలు, పట్టీల కట్టలు, బోల్టుల పొట్లాలు. పెళ్ళివారి సామాను దించినట్టు నేలంతా పరిచి ఉంది. మా మేనల్లుడు ఆ మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని నట్లని సైజుల ప్రకారం టీ కప్పుల్లో వేస్తున్నాడు. "ఆ కప్పులు మీ తమ్ముడే కడగాలి వదినా" అని వెనక నుంచి మా మరదలు గొంతు.

సంగతేమిటంటే, వాడు 14 అడుగుల అల్యూమినియం పడవ ఒకటి పాతది కొన్నాడు. మిషిగన్‌లో చెరువులు, సరస్సులు కలిపి 11 వేల పైచిలుకట. ఎండాకాలం వస్తే అక్కడివాళ్ళకి ఇంట్లో కాలు నిలవదు. పడవైతే చవగ్గా దొరికింది గానీ దాన్ని ఇంటినుంచి చెరువు దాకా లాక్కెళ్ళే బండి దాంతో రాలేదు. తయారుగా ఉన్న బండి కొంటే పడవ ఖరీదుకి మించుతుందని విడి భాగాల పెట్టెలు తెప్పించాడు. అందులో రెండు బోల్టులు తక్కువ వచ్చాయి. ఒక ఆదివారం వాటికే పోయింది.

నేను చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, వంట వీడియోల కన్నా బాగుంది. ముందు పొడుగు కమ్మీ, ఎడ్లబండికి నొగ ఉంటుందే, అదన్నమాట. దాని కొస కారుకి తగులుకుంటుంది. వెనక అడ్డంగా ఇరుసు. ఇరుసుకీ చట్రానికీ మధ్య విల్లులా వంగిన స్ప్రింగు పట్టీలు. పైన పడవ ఒరిసిపోకుండా తివాచీ గుడ్డ చుట్టిన రెండు చెక్క దూలాలు. ముందువైపు పడవని పైకి లాక్కునే చిన్న చేతి గిలక. ఆఖరున వెనక దీపాలకి తీగలు: తెలుపు, గోధుమ, పసుపు, ఆకుపచ్చ. తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కదా, వాడు ఇంగ్లీషులో ఒక్కొక్క పేరూ చెప్తుంటే నేను ఇరుసు, నొగ, కడచీల అని తెలుగు చెప్తూ పోయాను. చక్రం బేరింగులో వేలితో మందంగా గ్రీజు కూరుతుంటే "ఇదేమిటత్తా తెలుగులో?" అన్నాడు మేనల్లుడు. కందెన అన్నాను. వాడికి ఆ మాట ఎంత నచ్చిందో, ఆ పూటంతా కందెన, కందెన అని తిరిగాడు.

ఇరుసు ఎక్కడ బిగించాలన్నదే అన్నిటికన్నా కష్టమైన లెక్కట. బరువు వెనక్కి ఎక్కువైతే రోడ్డు మీద బండి పాములా ఊగుతుంది. ముందుకి ఎక్కువైతే కారు వెనక భాగం కుంగుతుంది. మొత్తం బరువులో పదో వంతో, కొంచెం ఎక్కువో నొగ మీద పడాలి. కావడి మోసే మనిషికి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు, భుజమే చెప్తుంది.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనం మనుషుల దశ గురించి అంటాం. ఓడ నిజంగా బండెక్కిన కథలు ఎలాంటివా అని ఆ రాత్రి నుంచీ నా బుర్రలో పురుగు తొలిచింది. నేల మీద పడవంత నిస్సహాయమైంది ఇంకోటి లేదు. దాన్ని నేల దాటించడానికి మనుషులు ఏం చేశారు?

మన తీరంలో జాలర్లు ఎంచుకున్న దారి అన్నిటికన్నా సులువైంది. తెప్ప అంటే తేలిక కర్ర దుంగల్ని పక్కపక్కన పేర్చి తాడుతో కట్టినదే. వేట నుంచి రాగానే కట్లు విప్పేస్తారు. దుంగల్ని విడివిడిగా ఒడ్డుకి మోసుకొచ్చి ఇసకలో ఆరబెడతారు. మర్నాడు మళ్ళీ కడతారు. చక్రం అక్కర్లేదు, బండి అక్కర్లేదు. దీన్నే తమిళులు కట్టుమరం అన్నారు. ఇంగ్లీషువాళ్ళ కాటమరాన్ అందులోంచి వచ్చిందే. పడవని రోజూ విప్పి రోజూ బిగించే ఆ పనిని ఎవరూ ఇంజనీరింగ్ అని రాయలేదు గానీ, నా లెక్కలో అది ఇంజనీరింగే.

అయితే ఇనప ఓడని అలా విప్పలేం కదా అనుకున్నాను. విప్పారు! నేను చదివిన వాటిలో నన్ను పట్టుకుని వదలని కథ ఇదే.

ఆఫ్రికా నడుమ టాంగన్యీకా అనే సరస్సు ఉంది. పొడవు 670 కిలోమీటర్లకు పైన. మన విజయవాడ నుంచి రైల్లో మద్రాసు వెళ్ళి, అక్కడ నుంచి ఇంకా దిగువకి పోవాలి అంత దూరం రావాలంటే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి దాని తూర్పు ఒడ్డు జర్మన్లది, పడమటి ఒడ్డు బెల్జియంవాళ్ళది, దక్షిణపు కొస ఇంగ్లీషువాళ్ళది. అక్కడ పుట్టి పెరిగిన మనుషులది మాత్రం ఏ ఒడ్డూ కాదు. సరస్సు మీద ఎవరి ఓడ తిరిగితే వారిదే రాజ్యం.

జర్మన్లు 1913లో తమ దేశంలో పాపెన్‌బుర్గ్ అనే ఊళ్ళో పెద్ద ఓడ ఒకటి తయారు చేయించారు. పేరు గ్యోట్సెన్. కట్టాక దాన్ని మళ్ళీ విప్పారు. 5,000 పెట్టెల్లో సర్దారు. సముద్రం మీద దారెస్సలాం రేవుకి పంపి, అక్కడ నుంచి అప్పుడే పూర్తయిన రైలు మార్గం మీద సరస్సు ఒడ్డున కిగోమా ఊరికి చేర్చారు. జర్మనీ నుంచి ముగ్గురు ఓడ పనివాళ్ళు వెంట వచ్చారు. స్థానిక కూలీలతో కలిసి వాళ్ళు ఆ పెట్టెలు విప్పి, మేకు మేకూ దిగ్గొట్టి 1915లో ఓడని నీళ్ళలోకి దించారు. 5,000 పెట్టెల్లో రెండు బోల్టులు తక్కువ రాలేదా అని నా సందేహం. వస్తే అక్కడ ఆదివారాలతో అయ్యేది కాదు.

ఇంగ్లీషువాళ్ళు దానికి సరిగ్గా తిరగబడ్డ పని చేశారు. పడవని విప్పకుండా, ఉన్నపళంగా చక్రాల మీద ఎక్కించి తీసుకెళ్దామన్నారు. ఈ ఆలోచన జాన్ లీ అనే ఏనుగుల వేటగాడిది. ఒక్కొక్కటి 40 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న రెండు మోటారు పడవలు తెచ్చారు. దాదాపు మన ఆర్టీసీ బస్సంత. వాటికోసం ప్రత్యేకంగా ఊయల లాంటి చట్రాలు, ట్రైలర్లు చేయించారు. నాయకుడు స్పైసర్-సిమ్సన్ అనే నౌకాదళ అధికారి. ఈయన పడవలకి పిల్లి, కుక్క అని పేర్లు పెడతానంటే పైవాళ్ళు ఛీ పొమ్మన్నారు. సరేనని మిమీ, టూటూ అన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఫ్రెంచివాళ్ళ చంటిపిల్లల భాషలో అవి మ్యావ్, భౌభౌ లాంటి మాటలే! ఇంకో విశేషం, ఆయన ఎండకి తట్టుకోలేక ఖాకీ గుడ్డతో లంగాలు వేసుకునేవాడు. వాళ్ళావిడ కుట్టిచ్చిందట. ఆ యుద్ధం మీద రాసిన ప్రతివాళ్ళూ ఆ లంగాల గురించి ఒక పేరా రాశారు. కుట్టినావిడ గురించి రాసింది ఆ ఒక్క మాటే.

1915 జూన్‌లో ఇంగ్లండులో ఓడెక్కిన మిమీ, టూటూ జూలై మొదట్లో కేప్‌టౌన్‌లో దిగాయి. అక్కడి నుంచి రైలు మీద 2,000 మైళ్ళకు పైగా ఉత్తరానికి. కాంగోలో ఫుంగురూమే అనే చోట పట్టాలు అయిపోయాయి. అసలు కథ అక్కడే మొదలు. ముందు సుమారు 150 మైళ్ళ అడవి, కొండలు. మిటుంబా పర్వతాల మీద 6,000 అడుగుల పైకెక్కి మళ్ళీ దిగాలి. దారి లేదు. చెట్లు కొట్టి దారి వెయ్యాలి. వాగులూ గెడ్డలూ లెక్కలేనన్ని, నూటికి పైగా వంతెనలు కట్టాల్సి వచ్చింది. ఆ పని చేసింది వందల మంది ఆఫ్రికా కూలీలు. ఇష్టపడి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. బెల్జియం ఏలుబడిలో కాంగో పల్లెలు అప్పటికే చాలా చూశాయి.

లాగడానికి రెండు ఆవిరి ఇంజన్లు తెప్పించారు. పట్టాలు అక్కర్లేకుండా రోడ్డు మీదే నడిచే రకం. మా చిన్నప్పుడు రోడ్డు వేసేటప్పుడు పొగ గొట్టంతో వచ్చే రోలరు గుర్తుందా, దానికి అన్నయ్యలాంటివి. అవి చాలనప్పుడు ఎడ్ల జతలు, ఎడ్లూ చాలనప్పుడు తాళ్ళూ కప్పీలూ. నిలువుగా ఉన్న చోట గజం గజం లాక్కుంటూ పోయారు. దిగువకి వచ్చేటప్పుడు ఇంకా ప్రమాదం, బండే ముందున్నవాళ్ళ మీద పడుతుంది. నొగ మీద ఎంత బరువు, ఇరుసు ఎక్కడ అని మా తమ్ముడు టేపు పెట్టి కొలిచిన లెక్క అక్కడ ప్రాణాల లెక్క.

ఆవిరి ఇంజనంటే కట్టెలూ నీళ్ళూ. కట్టెలకి అడవి ఉంది. నీళ్ళు లేవు. అది ఎండలు మండే కాలం. వాగులు ఎండిపోయాయి. తాగడానికే కొలిచి పోస్తున్నారు, ఇక ఇంజను పొట్ట ఎక్కడ నిండుతుంది? ఇంజన్లు ఆగిపోయాయి. అప్పుడు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళని పిలిపించారు. వాళ్ళు మైళ్ళ దూరం నుంచి కుండలతో, సొరకాయ బుర్రలతో నెత్తిమీద నీళ్ళు మోసుకొచ్చి ఆ ఇంజన్లలో పోశారు. బండి కదిలింది.

ఇక్కడ నేను చదవడం ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను. కుళాయి దగ్గర నించున్న మనకి బిందె బరువంటే తెలుసు. నిండు బిందె చంకనెత్తుకుని రెండు వీధులు నడిచినవాళ్ళు ఇది చదివేవాళ్ళలో ఎంతమందో ఉంటారు. అలాంటి నీళ్ళు ఇంటికి కాదు, పిల్లలకి కాదు, వంటకి కాదు, ఎవరిదో ఎరగని రాజు పడవని లాగే ఇనప యంత్రం నోట్లో పొయ్యడానికి. ఒకసారి పోస్తే చాలదు కూడా, అది ఆవిరై పోతూనే ఉంటుంది. ఆ పూట వాళ్ళిళ్ళల్లో కుండలు ఎవరు నింపారు?

ఆగస్టు 18న బయల్దేరిన పడవలు సెప్టెంబరు 28కి ఆ 150 మైళ్ళు దాటాయి. ఆరు వారాలు. తర్వాత కొంత రైలు, కొంత నది, మళ్ళీ రైలు. మిగతాది త్వరగా చెప్పేస్తాను. డిసెంబరు 26న మిమీ, టూటూ కలిసి కింగానీ అనే జర్మన్ పడవని పావుగంట కూడా పట్టకుండా పట్టుకున్నాయి. 1916 ఫిబ్రవరి 9న ఇంగ్లీషువాళ్ళు ఇంకోదాన్ని ముంచారు. గ్యోట్సెన్ జోలికి మాత్రం పోలేదు, అది మరీ పెద్దది. యుద్ధం మగవాళ్ళు బాగానే రాసుకున్నారు, ఆసక్తి ఉంటే చదువుకోండి. ఆ దండులో ఉన్న ఫ్రాంక్ మేగీ అనే ఆయన 1922లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఈ ప్రయాణమంతా రాశాడు. దళపతికి పేరుంది, పడవలకి ముద్దు పేర్లున్నాయి. నీళ్ళు మోసినవాళ్ళు స్థానిక స్త్రీలుగానే మిగిలారు.

ఈ కథని ఆధారం చేసుకునే ఫారెస్టర్ అనే రచయిత 1935లో 'ది ఆఫ్రికన్ క్వీన్' నవల రాశాడు. 1951లో సినిమాగా వచ్చింది. అందులో పడవలో ఒక ఆడమనిషి ఉంటుంది, కాథరిన్ హెప్‌బర్న్ వేసింది, చాలా బాగా చేసింది. నాకు నచ్చిన సినిమా. కానీ నిజం కథలో ఆడవాళ్ళు పడవలో లేరు. పడవ వచ్చిన దారిలో ఉన్నారు. వాళ్ళని ఏ సినిమావాడూ చూడలేదు.

గ్యోట్సెన్ సంగతి చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరు. 1916 జూలైలో జర్మన్లు వెనక్కి పోతూ, శత్రువు చేతిలో పడకూడదని దాన్ని తామే ముంచేశారు. ముంచే ముందు, దాన్ని మేకు మేకూ బిగించిన ఆ పనివాళ్ళు ఇంజన్లకి మందంగా గ్రీజు పట్టించారు. మళ్ళీ ఎప్పుడైనా తియ్యాలంటే పాడవకుండా ఉండాలని. ముంచడానికి సిద్ధపడ్డ చేతులే కందెన కూడా పూశాయి! ఊరెళ్ళేటప్పుడు దోసెల పెనానికి నూనె రాసి పెట్టి వెళ్ళడం లాంటిదే అనిపించింది నాకు. ఆ పూత వృథా పోలేదు. 1924లో ఇంగ్లీషువాళ్ళు ఓడని పైకి తీస్తే ఇంజన్లు బాగానే ఉన్నాయి. 1927లో లియెంబా అని కొత్త పేరు పెట్టి మళ్ళీ నడిపారు.

ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు అది కిగోమా నుంచి జాంబియాలోని ఎంపులుంగు దాకా జనాన్ని తిప్పింది. దారిలో చాలా ఊళ్ళకి రేవు ఉండేది కాదు. ఓడ నీళ్ళ మధ్యలోనే ఆగేది. ఊళ్ళోంచి చిన్న పడవలు ఎదురొచ్చి దాని పక్కన ఆనుకునేవి. ఎండు చేపల బస్తాలు, అనాసపళ్ళ బుట్టలు, వీపున గుడ్డతో కట్టుకున్న పసిపిల్లలు, వాటన్నిటితో ఆడవాళ్ళు ఊగే పడవలోంచి ఓడ తలుపు పట్టుకుని పైకెక్కేవారు.