నేపాల్ రాజు దిగిపోయిన నాడు

2006 ఏప్రిల్‌లో నేపాల్ ప్రజలు కర్ఫ్యూనీ, తూటాలనీ లెక్కచేయక 19 రోజులు వీధుల్లో నిలిచారు. ముందటేడు అధికారమంతా చేజిక్కించుకున్న రాజు జ్ఞానేంద్ర లొంగి, పార్లమెంటును పునరుద్ధరించాడు. 2008 మే 28న రాజ్యాంగ సభ రాచరికాన్నే రద్దు చేసింది. అనుకూలం 560, వ్యతిరేకం నాలుగే.

ఆదివాసీ యువతగా మనం ఇంకాస్త వెనక్కి చూడాలి. 1854 నాటి 'ములుకీ ఐన్' చట్టం థారూ, తమాంగ్ వంటి తెగలను మద్యం తాగేవారనీ, బానిసలుగా చేసుకోదగినవారనీ రాసిపెట్టింది. (ఇప్పసారా పేరుతో మాటలు పడ్డ మనకిది కొత్త కాదు.) థారూల 'కమయ్యా' వెట్టిచాకిరీ 2000 దాకా సాగింది. 1996లో మొదలైన మావోయిస్టు పోరులో రోల్పా, రుకుం కొండల మగర్ యువత పెద్దసంఖ్యలో చేరింది. రాజధాని వీధులు నిండేనాటికే చాలా పల్లెల్లో రాజుగారి మాట చెల్లడం లేదు.

2008 జూన్ 11న జ్ఞానేంద్ర నారాయణహితి మహలు విడిచాడు. విడుదలైన కమయ్యాల్లో చాలామంది అప్పటికీ భూమి కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.