తప్పు రాసినా పేజీ ఎందుకు కనిపిస్తుంది?

హెచ్‌టీఎంఎల్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోడ్‌లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. తెరిచిన ట్యాగ్ మూయరు, లేదంటే లోపల తెరిచినదాన్ని బయట మూస్తారు. అడిగితే "పేజీ బానే వస్తోంది కదన్నా" అంటారు. నిజమే, వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకొస్తుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. జెనీవా దగ్గర సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన వెబ్ 1991లో బయటివాళ్లకు అందింది. 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. ఇక పోటీ మొదలు. తప్పులున్న పేజీ తెరుచుకోకపోతే జనం తిట్టేది రాసినవాణ్ణి కాదు, బ్రౌజర్‌ని. అందుకే బ్రౌజర్లు తప్పుల్ని లోలోపలే సర్దేయడం అలవాటు చేసుకున్నాయి. అయితే ఎవరి సర్దుబాటు వాళ్లదే! ఒకే పేజీ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా కనిపించేది.

దీన్ని కట్టడి చేద్దామని 2000 జనవరిలో డబ్ల్యూ3సీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 తెచ్చింది. దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే, ఒక్క ట్యాగ్ మూయకపోయినా ఎర్రర్ రావాల్సిందే. నేర్పేవాడిగా నాకీ పద్ధతి నచ్చుతుంది. కానీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 వచ్చేదాకా ఆ బ్రౌజర్ అలా పంపిన పేజీల్ని చూపించనే లేదు. దాంతో సైట్లవాళ్లు ఆ కోడ్‌నే మామూలు హెచ్‌టీఎంఎల్‌గా పంపారు. తప్పులు మళ్లీ దాక్కున్నాయి.

2004లో ఆపిల్, మొజిల్లా, ఒపేరా వాళ్లు కలిసి వేరే దారి పట్టారు. తప్పులు ఎలాగూ పోవు, కనీసం వాటిని ఎలా సర్దాలో అందరికీ ఒకే రూలు రాద్దాం అన్నారు. అదే 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్5లో ఉంది. ఇవాళ క్రోమ్ అయినా సఫారీ అయినా ఆ రూలు ప్రకారమే సర్దుతుంది.

ఒకేలా సర్దుతుంది సరే, మీరనుకున్నట్టే సర్దుతుందని ఎక్కడుంది? పీ ట్యాగ్‌లో డివ్ పెట్టి చూడండి. డివ్ మొదలవ్వగానే బ్రౌజర్ పీని మూసేస్తుంది. పీకి మీరిచ్చిన రంగు డివ్‌లోని అక్షరాలకు రాదు. ఎర్రర్ కూడా చూపించదు. మీరేమో రంగు రాలేదని రాత్రంతా సీఎస్‌ఎస్‌లో వెతుకుతూ కూర్చుంటారు.

ఫోన్‌లో మీ పేజీ అక్షరాలు చీమల్లా కనిపించడం కూడా ఇలాంటిదే. 2007లో ఐఫోన్ వచ్చేసరికి పేజీలన్నీ కంప్యూటర్ స్క్రీన్ కోసం రాసినవి. అందుకని సఫారీ తన వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని పేజీని కుదించి చూపించింది. వ్యూపోర్ట్ లైను రాయకపోతే ఇప్పటికీ అలాగే చేస్తుంది.

డబ్ల్యూ3సీ వాళ్ల వ్యాలిడేటర్ ఉచితమే. ఈసారి కోడ్ ముందు అందులో వేసి, తర్వాత నాకు పంపండి.