భయానికి కొలబద్ద: లాస్ ఏంజెలెస్ లాటినో బాలల కథ

జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు బి.పి. యంత్రం ఉంది. పసిమనసులోని భయాన్ని కొలవవలసి వస్తే వైద్యుని చేతిలో ఉండే సాధనం ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్నను ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో తేలడానికి అమెరికాలో పాతికేళ్లకు పైగా పట్టింది.

1976 జూలైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే చిన్న ఊరిలో దుండగులు 26 మంది పిల్లలున్న బడి బస్సును అపహరించారు. పిల్లలను, డ్రైవరును భూమిలో పూడ్చిన వాహనంలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పిల్లలు త్వరగా మరచిపోతారన్నది నాటి నమ్మకం. మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ ఆ పిల్లలను స్వయంగా కలిసి మాట్లాడి, ఏళ్లు గడిచినా ఆ భయం వారి కలల్లో, ఆటల్లో సజీవంగా ఉందని చూపారు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్'ను వ్యాధుల పట్టికలో చేర్చింది. అప్పటికి వారి దృష్టి ప్రధానంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల మీదనే ఉంది.

1984 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలంపై ఒక వ్యక్తి తుపాకితో కాల్పులు జరిపాడు. రాబర్ట్ పైనూస్ బృందం ఆ బడిలోని 159 మంది పిల్లలను ఒక నిర్ణీత ప్రశ్నావళితో పరీక్షించింది. తూటాలకు ఎంత దగ్గరగా ఉన్న బిడ్డకు అంత తీవ్రమైన లక్షణాలు కనిపించాయి. మందుకు వలెనే భయానికీ మోతాదు ఉంటుందని అంకెలతో నిరూపించిన అధ్యయనమిది.

2001లో ఎడ్నా ఫోవా, ఆమె సహచరులు పిల్లల కోసం 17 ప్రశ్నల కొలమానాన్ని ప్రచురించారు. ప్రతి లక్షణానికీ సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 51. సరిగ్గా అదే కాలంలో లాస్ ఏంజెలెస్ బడులలో మరో సమస్య తలెత్తింది. లాటిన్ అమెరికా దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలెందరో ఇరుగుపొరుగున హింసను కళ్లారా చూసినవారే. వారికి ఈ కొలబద్ద సరిపోతుందా?

మాటకు మాట అనువదించినంత మాత్రాన ప్రశ్న అనువదించినట్లు కాదు. లాటిన్ అమెరికాలో 'సుస్తో' అనే భావన ఉంది. గట్టిగా భయపడినవారి ఆత్మ దేహాన్ని విడిచిపోతుందని, అందువల్ల మనిషి చిక్కిపోతాడని నమ్మకం. మన పల్లెల్లో బిడ్డ జడుసుకున్నాడని తాయెత్తు కట్టించే తల్లికి ఈ మాట వివరించనవసరం లేదు. భయాన్ని కడుపునొప్పిగా, తలనొప్పిగా చెప్పుకునే బిడ్డకు ఇలాంటి ప్రశ్నావళిలో మార్కులు తక్కువ పడే ప్రమాదం ఉంది. మార్కులు తక్కువైతే చికిత్సకు ఎంపిక కాడు. నా దృష్టిలో చిక్కంతా ఇక్కడే ఉంది.

2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇటీవలే వలస వచ్చిన సుమారు వెయ్యిమంది బడిపిల్లలను వారి మాతృభాషలలోనే ప్రశ్నించారు. వారిలో 32 శాతం మందికి చికిత్స అవసరమయ్యే స్థాయిలో లక్షణాలున్నాయి. ఇంటిలోనూ బడిలోనూ ఎవరూ అడగకపోతే ఈ సంఖ్య ఎన్నటికీ బయటపడేది కాదు.

మరుసటి సంవత్సరం బ్రాడ్లీ స్టైన్ బృందం ఫలితాలు వెలువడ్డాయి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని రెండు బడులలో, ఆ కొలమానంపై 14 లేదా అంతకు మించి వచ్చిన 126 మంది ఆరవ తరగతి విద్యార్థులను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు వెంటనే పది సామూహిక చికిత్సా తరగతులు, రెండవ జట్టుకు కొంతకాలం తరువాత. మూడు నెలలకు మొదటి జట్టు సగటు 8.9కి దిగింది. వేచియున్నవారిది 15.5 దగ్గర నిలిచింది. పిల్లలలో మార్పు వచ్చిందని తల్లిదండ్రులు కూడా చెప్పారు. రోజూ వారిని చూసే ఉపాధ్యాయుల నివేదికలలో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.